అతుకు చెప్పిన మాట

ఫ్రీజర్లో తేమ చేరింది కాబట్టి ఫ్రీజరుకి వారంటీ వర్తించదని కాగితం వచ్చింది. ఆ కాగితం పట్టుకుని మంగతాయారు జగన్నాయకపురం నుంచి ఆటోలో వచ్చి, షోరూం మధ్యలో నిలబడి, కొనడానికి వచ్చిన పదిమందీ వింటుండగా సత్తిబాబుని అడిగింది.

"ఏం బాబూ, ఫ్రీజర్లో తేమ ఉండక మరేటుంటది? ఎండ కాస్తదా?"

సత్తిబాబు ఆ షోరూంలో సేల్స్‌మన్. పద్నాలుగు నెలల కిందట ఆవిడకి ఆ ఫ్రీజరు అమ్మింది తనే. దాంతోపాటు 'నిబ్బరం' అనే కంపెనీ వాళ్ల ఐదేళ్ల అదనపు వారంటీ కట్టించిందీ తనే. "ఐదేళ్లపాటు గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోండమ్మా" అన్నదీ తనే. ఆవిడ చేపలూ రొయ్యలూ అమ్ముకుని బతికే మనిషి. ఫ్రీజరు ఆగిన రోజున లోపలున్న సరుకంతా కుళ్లి వీధి చివరిదాకా వాసన కొట్టిందట.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి సత్తిబాబు చెప్పులు కూడా విప్పకుండా వరండాలో కూర్చుండిపోయాడు. భార్య సువర్చల ఇచ్చిన టీ చేతిలోనే చల్లారిపోయింది.

"తిట్టి ఉంటే బాగుండేది," అన్నాడు. "తిట్లు నాకు అలవాటే. ఆవిడ తిట్టలేదు సువర్చలా. 'నువ్వు మంచోడివనుకున్నాను బాబూ' అనేసి వెళ్లిపోయింది."

సువర్చల ఆ టీ గ్లాసు అందుకుంది. "ఆ ఫ్రీజరు లోపలి సర్క్యూట్ బోర్డు నాకు తెచ్చిపెట్టగలరా?" అంది.

"నీకెందుకది?"

"ఎందుకు చచ్చిపోయిందో దాన్నే అడుగుదాం."

సువర్చల కాకినాడ ఊరి బయట ఒక ఇంజనీరింగు కాలేజీలో లోహాల గురించి పాఠాలు చెబుతుంది. మూడేళ్లుగా ఆమె ల్యాబులో ఒక పని నడుస్తోంది. వేటకెళ్లే పడవల్లో వైర్‌లెస్ సెట్లు ఎందుకు తొందరగా పాడవుతున్నాయో కనిపెట్టాలన్నది ఆ పని. పాడైన సెట్లు వందలకొద్దీ చూసి చూసి ఆమె ఒక సంగతి పట్టుకుంది. బోర్డు మీద ముక్కల్ని అతికించే టంకం ఉంటుంది కదా, ఆ తగరపు బొట్టు, అది ఊరికే ఉండదు. కరెంటు వచ్చినప్పుడు వెచ్చబడుతుంది, పోయినప్పుడు చల్లబడుతుంది. అలా వెచ్చబడి చల్లబడిన ప్రతిసారీ దానిలో ఒక పొర ఏర్పడుతుంది. చెట్టు మానులో ఏడాదికొక వలయం పడ్డట్టు. ఆ పొరల్ని బోర్డు కొయ్యకుండా, విప్పకుండా చదవగలిగే యంత్రాన్ని ఆమె తయారుచేసింది. చూడ్డానికి బియ్యం డబ్బా అంత ఉంటుంది. పక్కన ఒక తెర.

మర్నాడు మంగతాయారు ఫ్రీజరు బోర్డు ఆ డబ్బాలోకి వెళ్లింది. ల్యాబు అటెండరు దానియేలు ముప్ఫై ఏళ్లుగా లోహపు ముక్కలకి మెరుగు పెడుతున్న మనిషి. తెర మీద బొమ్మ రాగానే కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఇదిగోండి మేడమ్, పోయినేడు తుపాను," అని ఒక నల్లటి మందపాటి గీత చూపించాడు. "మూడ్రోజులు కరెంటు లేదు కదండి. ఊళ్లో ఏ అతుకు చూసినా ఈ గీత ఉంటదండి, పచ్చబొట్టులాగ."

పెద్ద గీతలు పెద్ద కరెంటు కోతలు, సన్న గీతలు చిన్న కోతలు. సబ్‌స్టేషను వాళ్ల రిజిస్టరు పక్కన పెట్టుకుంటే ఏ పొర ఏ రోజుదో చెప్పేయొచ్చు. సువర్చల పొరలు దాటుకుంటూ అడుక్కి వెళ్లింది. అన్నిటికన్నా కింద, మొదటి పొరకి కూడా ముందు, అతుకు మధ్యలో ఒక బుడగ కనిపించింది. ఫ్యాక్టరీలో తగరం సరిగ్గా కరగకుండానే చల్లబడిపోతే వచ్చే బుడగ అది. బోర్డు పుట్టడమే ఆ రంధ్రంతో పుట్టింది. తేమ తగిలితే పచ్చగా మరక పడాలి. ఎక్కడా మరక లేదు.

ఆమె అదే మాట అరపేజీలో రాసి, బొమ్మ జతచేసి, సంతకం పెట్టి ఇచ్చింది. ఎనిమిది రోజులకి మంగతాయారు ఇంటి ముందు కొత్త ఫ్రీజరు దిగింది. తొమ్మిదో రోజు ఆవిడ తట్టనిండా టైగరు రొయ్యలతో నేరుగా ల్యాబులోకి వచ్చేసింది.

"అమ్మా, నీ పెట్టికి పసుపూ కుంకం పెడదామని తెచ్చాను. ఎక్కడెట్టమంటావు?"

"రొయ్యల్నా అండి?" అన్నాడు దానియేలు కంగారుగా.

"కుంకం బాబూ. రొయ్యలు మీకు."

ఆ కబురు ఊరంతా పాకడానికి ఆవిడ ఒక్కతే చాలింది. నెల తిరిగేసరికి ల్యాబు ముందు బెంచీ వేయాల్సొచ్చింది. టీవీ బోర్డులు, వాషింగ్ మెషీన్ బోర్డులు, ఇన్వర్టర్లు, ఒకాయన ఏకంగా లిఫ్టు మీటల పలక. ప్రతివాళ్ల చేతిలోనూ ఒక కాగితం. 'వోల్టేజీ హెచ్చుతగ్గులు', 'కీటకాల ప్రవేశం', 'అజాగ్రత్త వాడకం', అన్నిటికీ చివర అదే మాట, 'ప్లాన్ వర్తించదు.' జనం ఆ యంత్రానికి నిజం పెట్టె అని పేరు పెట్టేశారు.

సువర్చలకి ఆ రోజులు ఎంతో బాగుండేవి. పదిహేనేళ్లు పిల్లలకి పొరల గురించీ స్ఫటికాల గురించీ బోర్డు మీద గీసి చెప్పింది, వాళ్లు పరీక్షలో రాసి మర్చిపోయారు. ఇప్పుడు చీపురు కట్టలమ్మే ముసలాయన కూడా తెర ముందు కూర్చుని, "ఆ నల్లగీత తర్వాత రెండో గీత చూడమ్మా, అప్పుడే ఫట్టుమంది" అని చెబుతున్నాడు.

అయితే పెట్టె అందరి వైపూ మాట్లాడలేదు. పదింటిలో నాలుగు, తప్పు వాడినవాళ్లదే అని తేలేవి. టీవీ మీద పూలకుండీ పెట్టి నీళ్లు పోసినవాళ్లు, ఇన్వర్టరుకి వెల్డింగు మిషను తగిలించినవాళ్లు. సువర్చల ఆ మాటా అలాగే రాసిచ్చేది. వాళ్లు గొణుక్కుంటూ వెళ్లిపోయేవారు. ఒకసారి వాళ్ల కాలేజీ ప్రిన్సిపాలు టీవీకే అలా రాసిచ్చింది. ఆయన వారంరోజులు మొహం చూపించలేదు, ఆ తర్వాత మామూలైపోయాడు.

అన్నదమ్ముల సంగతి మాత్రం అలా మామూలైపోలేదు.

సూర్యచంద్రం, చంటి అని ఇద్దరు. మెయిన్ రోడ్డులో ఇద్దరూ కలిసి ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపు నడుపుతున్నారు. వాళ్ల పెద్ద ప్రింటరు పాడైతే 'బలమైన దెబ్బ తగిలింది' అని నిబ్బరం వాళ్లు కాగితం పంపారు. ఇద్దరూ బోర్డు తీసుకుని ఉత్సాహంగా వచ్చారు. సువర్చల తెర చూసింది. దెబ్బ నిజమే. అతుకుల్లో ఏటవాలుగా చీలికలున్నాయి. అలవాటు కొద్దీ పక్కనున్న రిజిస్టరు చూసి పైకే చదివేసింది.

"ఆగస్టు పదకొండండీ. మధ్యాహ్నం కోత అయిన కాసేపటికి."

షాపు తమ్ముడికి అప్పజెప్పి సూర్యచంద్రం ఆ వారమంతా వైజాగులో కంటి ఆపరేషను చేయించుకుని మంచం మీదున్నాడు. తిరిగొచ్చాక, "నేను లేనప్పుడు మిషను ఏమైనా కదిపావేంట్రా?" అని అడిగాడట. "అబ్బే, ముట్టుకోలేదన్నయ్యా" అన్నాడట చంటి. ఇప్పుడు చంటి నేల చూపులు చూస్తున్నాడు. సూర్యచంద్రం బోర్డు సంచిలో పెట్టుకుని, "థాంక్సండి మేడమ్" అని ముందు నడిచాడు.

మూడు వారాల తర్వాత దానియేలు ఆ దారిన వెళ్లి చూసొచ్చి చెప్పాడు. షాపు మధ్యలో గోడ లేచింది. అటొక బోర్డు, ఇటొక బోర్డు.

సువర్చల ఆ రోజు పాఠం సరిగ్గా చెప్పలేకపోయింది. వాళ్లడిగింది ఒక్కటే, తప్పు కంపెనీదా కాదా అని. కాదంటే సరిపోయేది. తేదీ ఎవరడిగారు? మిషను ఎందుకు పాడైందన్నది లోహం సంగతి. ఎప్పుడు పాడైందన్నది మనుషుల సంగతి. రెండూ ఒకే గొంతుతో చెప్పేసింది తను. మర్నాడు దానియేలుని పిలిచి సబ్‌స్టేషను రిజిస్టరు వాళ్లకి తిరిగి ఇచ్చెయ్యమంది. రోజులు లెక్కగట్టే ప్రోగ్రాం భాగాన్ని యంత్రంలోంచి తీసేసింది. ఆ భాగం రాయడానికి ఆమెకి ఏడాదిన్నర పట్టింది. తీసెయ్యడానికి అరగంట పట్టలేదు.

సరిగ్గా ఆ తర్వాతి వారమే నిబ్బరం కంపెనీ అధికారి శేషగిరి వచ్చాడు. పొందికగా మాట్లాడే మనిషి. కోపంతో వస్తాడనుకుంటే కాజాలు తీసుకుని వచ్చాడు.

"మీ పెట్టె మాకు కావాలి మేడమ్. ప్రతి వస్తువులోనూ చిన్న సైజుది బిగిస్తాం. గొడవలే ఉండవు. ఎవరి తప్పో అదే చెబుతుంది. మీ కాలేజీకి కొత్త ల్యాబు కట్టిస్తాం."

"మంచిదే కదండీ," అంది సువర్చల. "ఎందుకు పాడైందో చెబుతుంది."

"ఎప్పుడు పాడైందో కూడా కావాలి. ఏ రోజు, ఏ గంట. ఇంట్లో ఎవరున్నప్పుడు. అది తెలిస్తేనే మాకు ఉపయోగం."

"అది తీసేశానండీ."

"మళ్లీ పెట్టొచ్చుగా?"

"పెట్టొచ్చు. పెట్టను."

శేషగిరి ఇంకేమీ వాదించకుండా కార్డు బల్ల మీద పెట్టి లేచాడు. కొత్త ల్యాబు వస్తుందని ఆశపడ్డ ప్రిన్సిపాలు మళ్లీ వారంరోజులు మొహం చూపించలేదు.

ఈ సంగతులన్నీ ఇంట్లో భోజనాల దగ్గర చెప్పుకునేవారు. సత్తిబాబు తల్లి రామతులసమ్మ పక్కన కూర్చుని వినేది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. ఒకప్పుడు బాగా మాటకారి. రెండేళ్లుగా బాగా తగ్గించేసింది. ఒకరోజు పొద్దున్నే సువర్చల కాలేజీకి బయల్దేరుతుంటే గుమ్మంలో ఆపింది.

"అమ్మాయ్, నీ పెట్టెలో మన వల్లి మిషను పెట్టి చూడవా?"

సువర్చల చేతిలో తాళాలు ఆగిపోయాయి.

వల్లి వాళ్ల ఒక్కగానొక్క కూతురు. పుట్టుకతోనే వినపడదు. రెండేళ్ల వయసులో తల లోపల ఒక చిన్న పరికరం పెట్టి ఆపరేషను చేశారు. చెవి వెనక తగిలించే మిషను ఉంటేనే అది పనిచేస్తుంది. వల్లికి ఏడేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం ఇంట్లో నాన్నమ్మా మనవరాలూ ఇద్దరే ఉన్నారు. తలంటు పోయడానికి రామతులసమ్మ మిషను తీసి కిటికీలో పెట్టింది. తల తుడిచి మళ్లీ తగిలిస్తే, "నాన్నమ్మా, వినపట్లేదు" అంది పిల్ల. అంతే.

దానికీ నిబ్బరం ప్లాను ఉంది. సత్తిబాబే కట్టాడు. సర్వీసు సెంటరుకి పంపితే నెలకి కాగితం వచ్చింది. 'కింద పడిన గుర్తులున్నవి. ప్లాన్ వర్తించదు.' కొత్త మిషను తెచ్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో వల్లి నేర్చుకున్న మాటలు ఒక్కొక్కటే జారిపోయాయి. ఆ రోజుల్లో ఒకనాడు సువర్చల అత్తగారితో అనేసింది. "ఒక్క పిల్ల, ఒక్క మిషను. అది కూడా పట్టుకోవడం చేతకాలేదా అత్తయ్యా?" ఆ మాట గోడలవతలికి కూడా వినపడింది. అప్పట్నుంచి రామతులసమ్మ పిల్ల మిషను ముట్టుకోలేదు. వీధిలో ఎవరైనా అడిగితే, "పడేసుంటానమ్మా, పెద్దదాన్నయ్యాను" అనేది.

"వద్దత్తయ్యా," అంది సువర్చల. "అయిపోయిందేదో అయిపోయింది."

"నీకైపోయింది. నాకవలేదు. పడేశానో లేదో నాకే తెలీదమ్మాయ్. తల తుడుస్తున్నానా, కిటికీ దగ్గర చప్పుడైందా, లేదా, ఎంత ఆలోచించినా గుర్తురాదు. కాగితంలో పడిందన్నారు, పడిందనుకున్నాను. నీ పెట్టె అందరికీ చెప్తోంది. నాకెందుకు చెప్పదూ?"

"ఒకవేళ పడిందని చెబితే?"

"చెప్పనీ. తెలీకుండా ఒప్పుకోవడం కన్నా తెలిసి ఒప్పుకోవడం మేలు."

సువర్చల రెండు రోజులు నాన్చింది. ఆమెకి సూర్యచంద్రం ముందు నడిచి వెళ్లిపోవడమే కళ్లముందు మెదిలింది. చివరికి శనివారం మధ్యాహ్నం, క్లాసులు లేనప్పుడు, రామతులసమ్మే పాత మిషను చేతిరుమాల్లో చుట్టుకుని ఆటో ఎక్కి కాలేజీకి వచ్చేసింది. దానియేలు కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చోలేదు.

బొమ్మ తెర మీదకి రాగానే సువర్చలకి మొట్టమొదట కనిపించింది చీలిక. అతుకు ఈ కొస నుంచి ఆ కొసకి, ఏటవాలుగా. దెబ్బ తగిలిన చీలికే. ఆమె అత్తగారి వైపు చూడలేకపోయింది.

"మేడమ్," అన్నాడు దానియేలు మెల్లగా, "పైన చూడండి."

ఆమె పైకి జరిపింది. పిల్ల రోజూ పొద్దున తగిలించుకుని రాత్రి తీసేసేది కాబట్టి రోజుకొక పొర, అన్నీ ఒకే మందం, దొంతర పెట్టిన అప్పడాల్లా ఉన్నాయి. అన్నిటికన్నా పైన మాత్రం ఒక పొర వేరుగా ఉంది. మిగతావాటికి రెండింతల మందం. ఇంట్లో వాడే బ్యాటరీతో అంత మందం పొర రాదు. సర్వీసు సెంటర్లో బల్ల మీద పెట్టి, పెద్ద కరెంటు ఇచ్చి పరీక్ష చేసినప్పుడు వచ్చే పొర అది. వైర్‌లెస్ సెట్లలో ఆమె అలాంటివి ఎన్నో చూసింది.

చీలిక ఆ పొరని కూడా కోసుకుంటూ పోయింది.

సువర్చల ఇంకో అతుకు చూసింది. ఇంకొకటి చూసింది. మూడింటిలోనూ అంతే. పరీక్ష పొర ముందు, చీలిక తర్వాత. ఇంట్లో పడి ఉంటే చీలిక కింద ఉండి, ఆ పొర దాని మీద కప్పుకునేది.

"పోయాక తగిలిన దెబ్బండి ఇది," అన్నాడు దానియేలు. "వాళ్ల దగ్గరే పడిందండి."

ఎందుకు ఆగిపోయిందో కూడా దొరికింది. కరెంటు వచ్చే దారిలో ఒక అతుకులో, మంగతాయారు ఫ్రీజర్లో ఉన్నటువంటి బుడగ. ఆరేడు వారాలుగా పల్చబడుతూ పల్చబడుతూ, తలంటు రోజున పూర్తిగా తెగిపోయింది.

సువర్చల కుర్చీ తిప్పింది. "అత్తయ్యా, మీ చేతిలోంచి పడలేదు. అది దానంతటదే ఆగిపోయింది. వాళ్ల దగ్గరికెళ్లాక వాళ్లు పడేశారు."

"మళ్లీ చెప్పు."

"మీ చేతిలోంచి పడలేదు."

రామతులసమ్మ అప్పుడు కూర్చుంది. తర్వాత ఆవిడకి కోపం వచ్చింది. "రెండేళ్లు! గాజు గ్లాసు పట్టుకోవాలంటే భయపడ్డాను. కోడలి మొహం చూడాలంటే భయపడ్డాను. ఎవడో పడేసి నా మీద రాస్తాడా కాగితం?"

"తప్పు మాట అన్నానత్తయ్యా ఆ రోజు," అంది సువర్చల. కళ్లనిండా నీళ్లు. "అడక్కుండా, తెలుసుకోకుండా అనేశాను."

"అన్నావు. గుర్తులేదంటే అబద్ధమవుతుంది. రోజూ గుర్తుంది." ఆవిడ చేతిరుమాలు మడత పెట్టింది. "కానీ నీ పెట్టెలో పెట్టడానికి భయపడ్డావు చూడు, అప్పుడు తెలిసింది నాకు, నేను పడేశానని తేలితే నీకు నాకన్నా ఎక్కువ కష్టంగా ఉంటుందని. ఇంక ఏడవకు. దానియేలుగారు చూస్తున్నారు."

"నేనేం చూట్లేదండి," అన్నాడు దానియేలు కిటికీ వైపు తిరిగి.

ఇంటికొచ్చాక రామతులసమ్మ మనవరాల్ని పిలిచింది. జడ వేస్తానని కూర్చోబెట్టి, చెవి మిషను తనే తీసి, జుట్టు దువ్వి, మళ్లీ తనే తగిలించింది. వల్లి తల కొంచెం వంచి ఇచ్చింది.

సాయంత్రం సత్తిబాబు రిపోర్టు రెండుసార్లు చదివాడు. అతను తల్లిని ఏనాడూ ఒక్క మాట అనలేదు. అనలేదు కాబట్టి తన తప్పేం లేదనుకుంటూ వచ్చాడు. కానీ ఆ కాగితం చేతికొచ్చిన రోజున, వాళ్లు ఇలాంటి కాగితాలు ఎలా రాస్తారో తెలిసినవాడు ఇంట్లో తనొక్కడే. "నాకు తెలిసుండాల్సిందమ్మా," అన్నాడు. "రోజుకి పదిమందికి అవే కాగితాలు అందిస్తాను. మనింటికొచ్చేసరికి నమ్మేశాను."

"అమ్మేవాడివి నమ్మకపోతే ఎలా రా అమ్ముతావు?" అంది తల్లి. "సరే, ఇప్పుడు నాకో కాగితం కావాలి. వాళ్లే ముందు రాశారు కదా, వాళ్లే మళ్లీ రాయాలి."

సోమవారం ముగ్గురూ నిబ్బరం ఆఫీసుకి వెళ్లారు. సత్తిబాబు సెలవు పెట్టాడు. పన్నెండేళ్ల ఉద్యోగంలో కౌంటరుకి ఇవతలి వైపు నిలబడటం అతనికి అదే మొదటిసారి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. శేషగిరి రిపోర్టు చూశాడు, బొమ్మలు చూశాడు. కాదనడానికి అతనికి దారి లేదు. సువర్చల రాసిన రిపోర్టుల్లో పదింటిలో నాలుగు కంపెనీకి అనుకూలంగా వచ్చినవే, వాటిని వాళ్లు ఫైళ్లలో భద్రంగా పెట్టుకున్నారు.

"మిషను ఖరీదు తిరిగిచ్చేస్తామండీ," అన్నాడు.

"ఇవ్వండి. అది మావాడు చూసుకుంటాడు," అంది రామతులసమ్మ. "నాకు కాగితం కావాలి. 'మిషను రామతులసమ్మ గారి చేతిలోంచి పడలేదు, మా దగ్గర పడింది' అని."

శేషగిరి ఇబ్బందిగా నవ్వాడు. "క్లెయిము ఆమోదించామని రాస్తామండీ. మీరన్నట్టు రాయడానికి మా దగ్గర ఫార్మాట్ లేదు."

"పడిందని రాయడానికి ఉందా?"

"అది... ఉందండి."

"అయితే ఇదీ చేయించండి. నేనాగుతాను." ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, సంచిలోంచి టిఫిను క్యారేజీ తీసి ఒళ్లో పెట్టుకుంది.

క్యారేజీ చూసి శేషగిరి తగ్గాడు. హైదరాబాదుకి ఫోన్లు చేశాడు. పై అధికారి కావాలన్నారు, లాయరు చూడాలన్నారు. సాయంత్రానికి, "మీ ఇంటికి పంపిస్తానమ్మా, నా మాట" అన్నాడు. రామతులసమ్మ అతని మొహం పరీక్షగా చూసి, నమ్మొచ్చనుకుని లేచింది.

ఇంకో సంగతి కూడా జరిగింది. ఆ వారం నుంచి సత్తిబాబు షోరూంలో కొనడానికి వచ్చిన ప్రతివాళ్లకీ ప్లాను కాగితం వెనకవైపు సన్నక్షరాలు పైకి చదివి వినిపించడం మొదలుపెట్టాడు. ఏవి వర్తించవో పద్నాలుగు అంశాలు, ఒక్కటీ వదలకుండా. ఆరో అంశానికే జనం లేచిపోయేవారు. మేనేజరు పదిరోజులు ఓర్చుకుని, అతన్ని ఫ్యాన్ల విభాగానికి మార్చేశాడు. ఫ్యాన్లకి ప్లాన్లు ఉండవు. స్విచ్చి వేస్తే తిరుగుతాయి, లేకపోతే లేదు. సత్తిబాబు ఆ నెల రెండు కిలోలు ఒళ్లు చేశాడు.

వాళ్లు ఆఫీసుకి వెళ్లొచ్చిన మూడో ఆదివారం, అందరూ ఇంట్లో ఉండగా, కొరియరు వచ్చింది. రామతులసమ్మ కళ్లజోడు వెతుక్కోలేదు. కవరు వల్లి చేతికిచ్చింది.

"నువ్వు చదువమ్మా."

వల్లి కాగితం రెండు చేతుల్తో పట్టుకుని నిలబడింది. ఆ పిల్ల ఇంకా కొన్ని మాటలు కూడబలుక్కుని చదువుతుంది. "శ్రీ-మతి రామ-తులసమ్మ గారికి. మీ మన-వరాలి విని-కిడి పరి-కరం మీ చేతిలోంచి పడలేదని, మా సర్వీసు సెంటరులో పడినదని, పొర... పొర..."

"పొరపాటున," అందించింది నాన్నమ్మ.

"పొరపాటున మీ మీద నింద వేసినందుకు చిం... చింతిస్తున్నామని తెలియ-జేస్తున్నాము."

కింద శేషగిరి సంతకం, కంపెనీ ముద్ర. సువర్చల ఊపిరి పీల్చుకుంది. సత్తిబాబు కాగితం ఫ్రేము కట్టిస్తానన్నాడు.

"ఫ్రేము తర్వాత," అంది రామతులసమ్మ. ఆవిడ అప్పటికే చీర మార్చుకుని వచ్చింది. "వల్లీ, చెప్పులేసుకో."

"ఎక్కడికి అత్తయ్యా?"

"ఈ వీధిలో ఏడిళ్లకి తెలుసు నేను పడేశానని. నా నోటితోనే చెప్పుకున్నాను. ఇప్పుడు ఏడిళ్లకీ వెళ్లొద్దూ?"

"ముందు ఎవరింటికి నాన్నమ్మా?" అంది వల్లి చెప్పులు తొడుక్కుంటూ.

"కుడి పక్క నుంచి మొదలెడదాం. కరణంగారి కోడలికి గట్టిగా చదువు, దానికి చెవుడు."

సువర్చల గేటు దగ్గర నిలబడింది. మొదటి ఇంట్లో వల్లి 'పొరపాటున' దగ్గర ఆగింది, నాన్నమ్మ అందించింది. రెండో ఇంట్లో కూడా ఆగింది. మూడో ఇంటి వాకిట్లోంచి పిల్ల గొంతు వీధంతా వినపడేలా, ఎక్కడా ఆగకుండా, చివరిదాకా వచ్చింది. ఆ వెంటనే అత్తగారి నవ్వు వినిపించింది. సువర్చల ఇంకా నాలుగిళ్లున్నాయని లెక్కవేసుకుని, వాళ్లు వచ్చేసరికి చల్లారకుండా ఉండాలని, టీ అప్పుడే పెట్టకుండా గేటు దగ్గరే వింటూ నిలబడిపోయింది.